పొలిమేర రాయికి ఇవతల

కెదెషు
యవల కోతలు అయిపోయిన వారం

అన్న షిల్లేముకు తమ్ముడు ఏనాను రాస్తున్నది.

ముందుగా నా చేతిరాతను క్షమించు. కుండపెంకు మీద మసి సిరా నిలవడం లేదు. తప్పులు చాలానే ఉంటాయి. మన గురువు కుంటి లేవీయుడు మనిద్దరికీ అక్షరాలు నేర్పినప్పుడు నీ వీపు మీదే ఎక్కువ బెత్తాలు విరిగాయి గనక నీకే బాగా వచ్చాయి. పెంకులు నాలుగు పంపుతున్నాను. అంచుల మీద గీతలు పెట్టాను. ఒక గీత ఉన్నది ముందు చదువు.

నీకు రాసే ముఖం నాకు లేదు. నీకు ఉన్నది ఒక్క కొడుకు. వాణ్ణి నేను చంపాను. అడవిలో కట్టెలు కొడుతుంటే గొడ్డలి పిడి నుంచి ఊడిపోయి ఇత్తయి మెడకు తగిలిందనీ, పగతో చేసిన పని కాదనీ ఇక్కడి పెద్దలు నమ్మారు. నమ్మి ఈ ఆశ్రయపురంలో ఉండనిచ్చారు. నువ్వు నమ్మావో లేదో నాకు తెలియదు. వాడు పడగానే నేను పరుగెత్తాను. వాణ్ణి అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఏడాది నుంచి ఒకటి అడగాలనుకుంటున్నాను. వాణ్ణి ఇంటికి ఎవరు ఎత్తుకొచ్చారు?

ఇక్కడ నాలాంటివాళ్ళం పదకొండు మందిమి. షిలోహులో ప్రధాన యాజకుడు కాలం చేసేదాకా పొలిమేర రాయి దాటకూడదు. ఆయన పోయిన రోజున అందరం ఇళ్ళకు పోవచ్చు. ఈలోపు దాటితే, చచ్చినవాడి విమోచకుడు, అంటే రక్తానికి బదులు తీర్చుకునే దగ్గరి చుట్టం, మమ్మల్ని చంపినా అది హత్య కాదు. ఈ ధర్మం నీకు తెలిసిందే. కొత్త యాజకుడికి ఇంకా ముప్పై నిండలేదట. నాకు అరవై దాటాయి. నా పక్క గదిలో పెరెషు అని ఒకడున్నాడు. మిద్దె మీద నుంచి వాడి చేతిలోని తిరగలి రాయి జారి పొరుగువాడి తల మీద పడింది. వాడు రోజూ పొద్దున్నే తలుపు కొట్టి, “ఏనానూ, షిలోహులో ఆయనకు దగ్గు పట్టుకుందట, మూట కట్టుకో” అంటాడు. మర్నాడు వచ్చి, “తగ్గిందట, విప్పుకో” అంటాడు.

ఇంకొక్క మాట. వానలకు ముందు నా ఇంటి కప్పు మీద మన్ను అణిగేలా రాయి దొర్లించకపోతే ఈ ఏడు కూలిపోతుంది. దొర్లుడు రాయి అక్కడే మూలన ఉంది. ఎవరికైనా తీరిక ఉంటే. లేకపోతే లేదు.

వదినను అడిగానని చెప్పవద్దు.

ఏనాను


హోరేము
అంజూరాలు ఎండబెట్టే రోజులు

ఏనానుకు.

ఉప్పు అమ్మే షూవా నీ పెంకులు ఇచ్చింది. చదివాను.

ఇత్తయిని నేనే ఎత్తుకొచ్చాను. భుజం మీద.

నీ ఇంటి కప్పు సంగతి నాకు చెప్పకు. నేను వాడి తండ్రిని. వాడి రక్తానికి విమోచకుణ్ణి. ప్రతి అమావాస్య మర్నాడు కత్తి కట్టుకుని మీ ఊరి పొలిమేర రాయి దగ్గర కూర్చుంటున్నాను. ఊరందరికీ తెలుసు. నువ్వూ తెలుసుకో. రాయి దాటావంటే అక్కడ నేనుంటాను.

దాటకు.

షిల్లేము


కెదెషు
ద్రాక్ష తొక్కే రోజులు

అన్నకు ఏనాను నమస్కారం.

నీ పెంకు అందింది. చిన్నదైనా నీ చేతిరాత గనక చాలాసార్లు చదివాను.

నువ్వు రాయి దగ్గర కూర్చోవడం నేను ముందే చూశాను. గోడ మీద నుంచి చూస్తే మనిషి బొమ్మంత కనిపిస్తాడు. నువ్వు నడిచే తీరు బట్టి పోల్చుకున్నాను. మొన్న పెరెషు కూడా నా పక్కనే ఉన్నాడు.

“ఆ ముసలాయన ఎవరోయ్, పొద్దున్నుంచీ ఎండలో కూర్చున్నాడు?” అన్నాడు.

“మా అన్న.”

“చూడ్డానికి వచ్చాడా?”

“చంపడానికి.”

వాడు గోడ మీద నుంచి వంగి ఇంకోసారి చూశాడు. తర్వాత, “అదృష్టవంతుడివి. మావాళ్ళు అందుకు కూడా రారు” అన్నాడు.

అన్నా, నేను ఎక్కువ మాటలు తెలిసినవాణ్ణి కాదు. ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. హోరేము నుంచి ఇక్కడికి ఒక రోజు నడక. నీకు నాకంటే నాలుగేళ్ళు ఎక్కువ. నెలనెలా అంత దూరం వచ్చి, ఆ రాయి మీద కూర్చుని, మళ్ళీ అంత దూరం నడిచి పోతున్నావు. ఎవరి కోసం? నేను బతికి ఉండటం వల్ల ఎవరికీ ఒరిగేది లేదు. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. ఇత్తయినే పిల్లవాడనుకున్నాను.

వచ్చే అమావాస్య మర్నాడు నేనే రాయి దాటి వస్తాను. చేతిలో ఏమీ ఉండదు. నువ్వు ఒక్కసారిగా కానిచ్చేయి. ఆ తర్వాత నువ్వు నడవనక్కర్లేదు. వదిన మనసు కూడా కాస్త చల్లబడుతుందేమో.

నన్ను ఇత్తయి పక్కన పెట్టమని అడగను. తోట గట్టు మీద ఎక్కడైనా చాలు.

ఏనాను


హోరేము
అదే వారం, వెంటనే

ఒరేయ్ ఏనానూ, బుద్ధి లేనివాడా!

షూవా ఇంకా సగం ఉప్పు అమ్ముకోలేదు. అయినా దాని గాడిదను తిప్పించి తిరిగి మీ ఊరు పంపుతున్నాను. ఇది చదివిన తర్వాత గోడ కూడా ఎక్కకు. గదిలో కూర్చో.

నీకు సంగతి తెలియదు. రాయకూడదనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పదు. చదివాక ఈ పెంకులు నూరి పొడి చెయ్యి. షూవాకు నోటి మాటగా ఏమీ చెప్పకు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. చదవడం రాదు గనక రాత మాత్రమే దాని దగ్గర భద్రం.

నేను ఒక్కణ్ణే రావడం లేదు. చిన్నాన్న కొడుకు హద్లయి నాతో వస్తున్నాడు. వాగులో కూర్చుంటాడు. గోడ మీద నుంచి నీకు కనపడడు. వాడి చేతిలో వడిసెల ఉంటుంది. ఇత్తయికి వడిసెల తిప్పడం నేర్పినవాడు వాడే. పిల్లవాణ్ణి సమాధి చేసిన రోజున హద్లయి నాకంటే ఎక్కువ ఏడ్చాడు. వాడు చెడ్డవాడు కాదురా. అదే కష్టం.

“అన్నా, ఇత్తయి రక్తం నేలలోంచి కేక వేస్తోంది. నీకు వినపడటం లేదా?” అంటాడు ప్రతిసారీ.

“వినపడుతోంది. అందుకే కదరా వస్తున్నాను” అంటాను.

నాకు హక్కు ఉన్నంతకాలం వాడు నిన్ను తాకకూడదు. తాకితే వాడే హంతకుడు. నేను వద్దనుకుంటే హక్కు వాడికి పోతుంది. నాకు పగ లేదని తెలిసినా పోతుంది. గవిని దగ్గర, ఆ ఊరి వాకిట్లో, పెద్దల ముందు హక్కు వదిలినందుకు గుర్తుగా నా చెప్పు విప్పి వాడి చేతిలో పెట్టాలి. అంతే. మర్నాటి నుంచి వాడు నెలకొకసారి రాడు, రోజూ వస్తాడు. వాడికి కాళ్ళున్నాయి, కళ్ళున్నాయి.

ఇప్పుడు చూడు. నువ్వు రాయి దాటి వస్తే నేను కొట్టాలి. కొట్టకపోతే చెప్పు విప్పాలి. విప్పితే వాడు కొడతాడు. నువ్వు దాటకపోతేనే మనం ముగ్గురం మనుషులుగా మిగులుతాం. నిన్ను చంపే హక్కును నేను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నది ఎందుకో ఇప్పుడైనా తెలిసిందా?

ఇంకొకటి ఉంది. ఇది రాయడం కంటే కత్తి మింగడం తేలిక.

ఆ గొడ్డలి నాది. ముందు రోజు కొత్త పిడి వేసింది నేను. చీల సరిగా దిగలేదు. “పొద్దుటికి పిడి బిగియాలంటే నీళ్ళలో పడెయ్యి” అని నీ వదిన జిబ్యా చెప్పింది. సరేనన్నాను. మరిచిపోయాను. పొద్దున్నే ఇత్తయి దాన్ని భుజాన వేసుకుని నీతో వచ్చాడు. కెదెషు పెద్దలు అడిగినప్పుడు నీ గొడ్డలి అని చెప్పావట. ఎందుకు చెప్పావురా? నీ వదిన ఈనాటికీ ఊడింది మా గొడ్డలి కాదు, నీదే అనుకుంటోంది. నీ పేరు వినిపిస్తే ఉమ్ముతుంది. నేను పక్కనే కూర్చుని రొట్టె తింటుంటాను.

కొడుకు రక్తానికి విమోచకుణ్ణి నేను. ఎవరి మీద కత్తి ఎత్తను?

రాయి దాటకు.

షిల్లేము


కెదెషు
తొలి వానలు

అన్నా,

నీ పెంకులు నూరేశాను. పెరెషు చూసి, “ఏంటోయ్, మందా?” అన్నాడు. అవునన్నాను.

నేను రాయి దాటను. మాట ఇస్తున్నాను.

గొడ్డలి సంగతి నాకు ఆ రోజే తెలుసు. నేను రెండు దెబ్బలు వేయగానే పిడిలో ఆడింది. ఇత్తయి కూడా చూశాడు. “బాబాయ్, ఇది నాన్న బిగించిందే, ఇంకో నాలుగు దెబ్బలకు అదే సర్దుకుంటుంది” అని నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఆపి ఉండాల్సింది నేను. నాలుగో దెబ్బకే అయిపోయింది. కాబట్టి ఎవరి గొడ్డలి అన్నది పెద్ద సంగతి కాదు.

ఎందుకు చెప్పానని అడిగావు. వదినకు ఒకరి మీద కోపం ఉండాలి. ఆ మనిషి ఇక్కడ ఒక రోజు నడక దూరంలో ఉంటే మంచిది. కోపం ఇంట్లో ఉన్న మనిషి మీదికి మళ్ళితే ఆమె ఎవరికి వండిపెడుతుంది? నువ్వు ఎవరి పక్కన పడుకుంటావు? నాకు అప్పుడు అంత ఆలోచన లేదు. ఇప్పుడు కూర్చుంటే అలా తోస్తోంది.

ఇక్కడి సంగతి ఒకటి. ప్రధాన యాజకుడి తల్లి ఏటా వానలకు ముందు మా పదకొండు మందికీ ఉన్ని బట్టలు, ఎండు అంజూరాల ముద్దలు పంపుతుంది. తన కొడుకు చావాలని మేం దేవుణ్ణి అడగకుండా ఉండటానికి. తెచ్చినవాడు ఆ మాట దాచడు కూడా. “పెద్దమ్మగారు మిమ్మల్ని తినమన్నారు, నోరు మంచిగా ఉంచుకోమన్నారు” అంటాడు. బట్ట బాగుంది. ఆమె స్వయంగా నేసిందట. కప్పుకుంటే వెచ్చగా ఉంది. కప్పుకున్న తర్వాత ఆమె కొడుకు చావును ఎలా కోరను? కోరకుండా ఇంటికి ఎలా వస్తాను?

మనం ఒక తల్లి కొడుకును పోగొట్టాం. ఇంకొక తల్లి కొడుకు పోతే గాని నేను మన ఊరు చూడను. దీని గురించి ఎక్కువ ఆలోచిస్తే నిద్ర రావడం లేదు. అందుకే పెరెషుతో కూర్చుని కాయధాన్యాలు ఏరుతున్నాను.

నువ్వు వచ్చేటప్పుడు తల మీద గుడ్డ వేసుకో. ఎండ తగ్గలేదు.

ఏనాను


హోరేము
ఒలీవలు దులిపే వారం

తమ్ముడూ,

అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఏమనుకోకు. నా కళ్ళకు పొర కమ్మింది. పోయిన ఏడే మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. పెంకును ముక్కుకు ఆనించి ఎండలో తిప్పితే గాని అక్షరం కనిపించదు. దూరాన ఉన్నది చెట్టో మనిషో తేల్చుకోలేను.

హద్లయి పసిగట్టాడు. నిన్న గవిని దగ్గర పెద్దల ముందే ఆ మాట ఎత్తాడు.

“అన్నా, కోపగించకు. ఎదురుగా ఉన్నది గాడిదో గుర్రమో నీకు తెలియడం లేదు. రేపు ఏనాను రాయి దాటితే కొట్టేది వాణ్ణా, వాడి నీడనా?”

“గాడిద నోరు తెరిచింది గదరా, ఇప్పుడు తెలిసింది” అన్నాను.

పెద్దలు నవ్వారు. వాడూ నవ్వాడు. కాని వదల్లేదు. “నువ్వు నన్ను ఎన్నైనా అను. ఇత్తయికి నువ్వు బాకీ ఉన్నట్టే నేనూ ఉన్నాను. చెప్పు విప్పి నాకివ్వు. నువ్వు విశ్రాంతి తీసుకో” అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. నిజంగానే అన్నాడు.

చివరికి పెద్దాయన తీర్పు చెప్పాడు. “షిల్లేమూ, అమావాస్య మర్నాడు హద్లయిని వెంటబెట్టుకుని రాయి దగ్గరికి వెళ్ళు. నీ శత్రువును పిలిపించు. వాడు నీకు కనిపించి, వాణ్ణి చూసి నీ రక్తం మరిగిందా, సరే. తండ్రి కోపం బతికున్నంతకాలం హక్కు తండ్రిదే. హద్లయి మళ్ళీ అడగడు. కనిపించకపోతే మాత్రం మర్యాదగా చెప్పు విప్పు.”

అప్పటి నుంచి చెప్పులు కాళ్ళకే ఉంచుకుని తిరుగుతున్నాను. పడుకున్నా తీయడం లేదు. “పక్క మీద మన్నేమిటయ్యా? చెప్పులతో పడుకునే మగవాణ్ణి ఎక్కడా చూడలేదు” అని జిబ్యా రోజూ గోల. నిద్రలో ఎవరైనా లాగేస్తారని భయం. నవ్వుకో. నాకు మాత్రం నిజంగానే భయం.

ఏం చేయాలో విను. ఆ రోజు నువ్వు రాయికి లోపల, దారికి సూటిగా నిలబడు. కదలకు. పలకకు. నీ గొంతు వింటే నా గొంతు మారుతుంది. నేను సూటిగా చూసి తిడతాను. ఎంత గట్టిగా తిట్టగలనో అంత గట్టిగా తిడతాను. నువ్వు చెవిన పెట్టుకోకు.

షిల్లేము


కెదెషు
అమావాస్య దాటి నాలుగో రోజు

అన్నా,

నువ్వు క్షేమంగా ఇల్లు చేరావనుకుంటున్నాను. వాగు దిగేటప్పుడు హద్లయి నీ మోచెయ్యి పట్టుకున్నాడు. మంచిదే.

జరిగింది నీకు తెలియాలి గనక రాస్తున్నాను. కష్టపెట్టుకోకు.

నువ్వు చెప్పినట్టే దారికి సూటిగా నిలబడ్డాను. నువ్వు వచ్చావు. ఆగావు. కత్తి తీశావు. నా ఎడమవైపు ఇరవై అడుగుల దూరంలో పిడుగు పడి ఎండిపోయిన ఒలీవ మొద్దు ఒకటి ఉంది. నా ఎత్తే ఉంటుంది. నువ్వు దానివైపు తిరిగావు. “ఒరేయ్ ఏనానూ!” అని మొదలుపెట్టావు.

హద్లయి నిన్ను చూశాడు. నన్ను చూశాడు. మొద్దును చూశాడు.

పరుగెత్తితే తెలిసిపోతుంది. అరిస్తే తెలిసిపోతుంది. అందుకని నడుము నొప్పి ఉన్నవాడిలా నడుం పట్టుకుని, నిన్ను లెక్కచేయనివాడిలా మెల్లగా నడిచి వెళ్ళి ఆ మొద్దుకు వీపు ఆనించి నిలబడ్డాను. ఇరవై అడుగులు. అంత దూరం నేను ఎప్పుడూ నడవలేదు. అప్పటికి నీ మొదటి తిట్టు ఒక్కటే మొద్దుకు తగిలింది. మిగిలినవన్నీ నాకే తగిలాయి.

హద్లయి, “చూడు చూడు, ఎంత పొగరో! ఆనుకుని మరీ వింటున్నాడు” అన్నాడు. తర్వాత నెమ్మదిగా, “కనిపిస్తున్నాడన్నమాట నీకు” అన్నాడు. అంతటితో వాడు నేల మీద కూర్చున్నాడు.

నీ తిట్లు అన్నీ విన్నాను. “నీ ఇంటి కప్పు మీద దొర్లుడు రాయి నేనే లాగాను రా, ఆ ఇంట్లో నా గొర్రెలను కట్టేశాను రా” అన్నావు. “నీ తోటకు పాదులు తవ్వి మరీ పండ్లన్నీ తింటున్నాను, నీకొక్కటి కూడా మిగల్చను” అన్నావు. “నువ్వు చచ్చినా నీ ఎముకలను వదలను, మోసుకొచ్చి మన ఊళ్ళోనే పాతిపెడతాను” అన్నావు. ఆ మాటకు నీ గొంతు బొంగురుపోయింది. హద్లయి అది కోపం అనుకున్నాడు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. వాడు అది పొగరు అనుకున్నాడు.

నువ్వు చాలా చిక్కిపోయావు.

ఆ కాసేపూ మన మధ్య పదడుగులు కూడా లేవు. చెయ్యి చాస్తే అందేవాడివి కాదు గాని, చెరో అడుగు ముందుకు వేసి ఉంటే అందేవాడివే. ఆ అడుగుల మధ్యనే రాయి ఉంది.

ఏనాను


హోరేము
నాగళ్ళు కట్టే రోజులు

తమ్ముడూ,

నీ పెంకు చదవడానికి మూడు రోజులు పట్టింది. చదివి కింద పెట్టాను. ఒలీవ మొద్దును తిట్టానా! కూర్చుని నవ్వాను. జిబ్యా వచ్చి, “ఏడుస్తున్నావేంటి?” అంది. కంట్లో పొగ అన్నాను. పొయ్యి వెలిగించి లేదు.

పెద్దలు తమ మాట మీద నిలబడ్డారు. హక్కు నాదే. హద్లయి అందరి ముందూ నా కాలు ముట్టుకుని, “ఇక అడగను అన్నా, నీ కోపం బతికున్నంతకాలం” అన్నాడు. వాడు మాట తప్పేవాడు కాదు.

కాని నీ ఆ పెంకే నేను చదవగలిగిన చివరిది. ఇది కూడా తడుముకుంటూ రాస్తున్నాను. గీత మీద గీత పడితే నువ్వే విడదీసుకో. నిన్నటి నుంచి ఎండలో పెట్టినా నాకు నల్లగానే ఉంది.

ఉప్పు షూవా నోరు జారింది. పెంకులు వస్తున్నాయనీ పోతున్నాయనీ ఊళ్ళో చెప్పింది. ఏం రాసుకుంటున్నారని హద్లయి అడిగితే, “తిట్టుకుంటున్నాం” అన్నాను. “అయితే నీకు నేను చదివిపెడతాను, జవాబు కూడా నేనే రాస్తాను. నీ కళ్ళు నేను అనుకో” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. వద్దంటే ఎందుకంటాడు. ఒప్పుకున్నాను. వాడు చదివేటప్పుడు జిబ్యా కూడా వింటుంది.

కాబట్టి ఇకపై నువ్వు నాకు ఏమీ రాయలేవు. రాసిందల్లా వాళ్ళకే. జాలిగా రాయకు. క్షమించమని అడగకు. నువ్వు ఏడిస్తే ఊరు మెత్తబడుతుంది. “పాపం ముసలివాళ్ళు, షిల్లేము కూడా చల్లబడ్డాడు” అంటారు. చల్లబడ్డానన్న మరుక్షణం చెప్పు విప్పమంటారు. నా కోపం మండుతూ ఉండాలి. దానికి కట్టెలు నువ్వే వెయ్యాలి. తిట్టడం నీకు రాదని నాకు తెలుసు. చిన్నప్పుడు మేకను కూడా తిట్టలేకపోయేవాడివి. నేర్చుకో.

నేను పోయిన తర్వాత ఏమవుతుందని అడుగుతావు. నాకు తెలియదు. షిలోహులో ఆయన కుర్రవాడు. నేను ఆయన కంటే ముందే పోతాను. అప్పుడు హక్కు చెప్పుతో పని లేకుండానే హద్లయి దగ్గరికి నడిచి వెళుతుంది. ఎన్ని విధాల ఆలోచించినా గోడే అడ్డం వస్తోంది. నా చేతిలో ఉన్నది ఒక్కటే. వీలైనన్ని రోజులు బతకడం. అదే చేస్తాను.

నీ పెంకులన్నీ నూరేశాను. ఈ చివరిది మాత్రం చెయ్యి రావడం లేదు. అయినా నూరుతాను.

ఇక తిట్టు.

నీ అన్న


కెదెషు
మొదటి నాగటి చాలు పడ్డ వారం

హోరేములో ఉండే షిల్లేముకు.

నేను ఏనానును. ఇది హద్లయి చదువుతాడని తెలిసే రాస్తున్నాను. నా రాత బాగుండదు. తప్పులుంటే అతనే సరిచేసుకోవచ్చు. నీకెలాగూ చదవాలన్న తీరిక లేదట.

నువ్వు వచ్చి ఊరు దద్దరిల్లేలా అరిచావు. నేను భయపడలేదు. నువ్వు ముసలివాడివి. నీ కత్తికి పదును లేదు. నువ్వు చెడ్డ మనిషివి. నువ్వు చాలా చెడ్డ మనిషివి. మేకలు కూడా నీకంటే నయం.

నా ఇంటి కప్పు దొర్లించావట. ఎవరు దొర్లించమన్నారు? నా ఇల్లు కూలితే నీకేం? నా తోటలో పండ్లు తింటున్నావట. తిను. అన్నీ తిను. ఎండబెట్టి శీతాకాలానికి కూడా ఉంచుకుని తిను. నీ కడుపు నిండాలని నా శాపం.

గొడ్డలి సంగతి నువ్వు పదిమందిలోనూ ఎత్తుతున్నావట. అవును, అది నా గొడ్డలే. పిడి నేనే వేశాను. నీళ్ళలో నానబెట్టడం నా బద్ధకం వల్ల కాలేదు. ఈ ముక్క నీ ఇంట్లో ఆడవాళ్ళకు కూడా గట్టిగా చదివి వినిపించు. వాళ్ళు నన్ను తిట్టుకుంటే నాకు లెక్క లేదు. ఎంతకాలమైనా తిట్టుకోమను. ఇత్తయి ఆ పొద్దున నవ్వుతూనే ఉన్నాడు. అది కూడా వినిపించు. నన్ను ఇంకా తిట్టుకోవడానికి పనికొస్తుంది.

నువ్వు నన్ను ఎన్నటికీ క్షమించవని నాకు తెలుసు. నేను నిన్ను అడగను. నీ కోపం చల్లారితే నువ్వు మగవాడివే కాదు. దమ్ముంటే ప్రతి అమావాస్య మర్నాడు రా. నేను రాయికి ఇవతలే నిలబడి ఉంటాను. అవతలకు ఒక్క అడుగు కూడా వేయను, నీకు ఆ సంతోషం ఇవ్వను. వచ్చేటప్పుడు కర్ర పట్టుకుని రా. వాగులో రాళ్ళు జారుతున్నాయి. దారిలో పడి చచ్చావంటే నన్ను చంపేవాడు ఎవడుంటాడు? అంత తేలిగ్గా నన్ను వదిలిపోతానంటే ఒప్పుకోను. వేళకు తిను. చెవులు కప్పుకో. నూరేళ్ళు బతికి నా మీద పగ తీర్చుకో.

నాకు తెలిసిన తిట్లు అయిపోయాయి. పెరెషును అడిగి ఇంకా కొన్ని నేర్చుకుంటాను.

జవాబు తొందరగా పంపు. ఆలస్యమైతే నువ్వు నాకు భయపడ్డావనుకుంటాను. పెద్దగా అక్కర్లేదు. ఒక్క తిట్టు చాలు. హద్లయి చేత రాయించినా అది నీ నోటి నుంచి వచ్చిందని నేను గుర్తుపడతాను. షూవా గాడిద మళ్ళీ మీ ఊరు వచ్చేసరికి సిద్ధంగా ఉంచు.

ఏనాను